తంగేడు పువ్వును ఎం-బుక్కులో ఎక్కించడం ఎలా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

రహదారుల పక్కన తేనెటీగలు, తుమ్మెదలు, సీతాకోకచిలుకల వంటి పరాగ సంపర్క జీవులకు ఆవాసం కల్పించేవారికి ప్రభుత్వం గ్రాంట్లు ఇవ్వాలా వద్దా అని ఎవరైనా అడిగితే, తప్పకుండా ఇవ్వాలనే చెబుతాను. నాకున్న భయమల్లా ఆ డబ్బును దేన్ని కొలిచి ఇస్తారన్నదే. 30 ఏళ్లకు పైగా రోడ్డు పనుల్లో ఉండి, ఎస్టిమేట్లు వేసి, ఎం-బుక్కులు రాసి రిటైరైన ఇంజినీరును కాబట్టి, మంచి ఉద్దేశంతో మొదలైన పథకం కొలత దగ్గర ఎలా దారి తప్పుతుందో నాకు కొంత తెలుసు. ఈ ఉత్తరం ఆ ఒక్క విషయం గురించే.

ఎం-బుక్కు అంటే మెజర్‌మెంట్ బుక్కు. జరిగిన పనిని పొడవు, వెడల్పు, లోతుల్లోనో, ఇన్ని అని లెక్కల్లోనో అందులో రాసి, కింద సంతకం పడితేనే బిల్లు కదులుతుంది. రోడ్డు పక్కన మొక్కలు నాటే పని ఈ పుస్తకంలో చక్కగా ఇముడుతుంది. గుంత ఇంత, ఎర్రమట్టి ఇంత, పశువుల ఎరువు ఇంత, మొక్క ఎత్తు ఇంత, ట్రీ గార్డు ఒకటి, వారానికి ట్యాంకరు నీళ్లు ఇన్నిసార్లు. ఆ మొక్క పూస్తుందా, పూస్తే ఏ నెలలో పూస్తుంది, ఆ పువ్వు మీద ఏదైనా పురుగు వాలుతుందా అని రాసుకునే గడి మాత్రం అందులో లేదు. గడి లేని పనికి బిల్లు ఉండదు, బిల్లు లేని పనిని ఏ కాంట్రాక్టరూ చేయడు. ఇందులో కాంట్రాక్టరును తప్పుపట్టడానికీ ఏమీ లేదు.

ఈ విషయంలో అమెరికా వాళ్లు చేసిన ఒక చిన్న ఏర్పాటు నన్ను ఆకర్షించింది. అక్కడ రోడ్ల పక్కన అడవి పూల మీద శ్రద్ధ కొత్తదేమీ కాదు. హైవేల సుందరీకరణ చట్టం 1965లోనే వచ్చింది. ఆ తర్వాత 1987 నాటి చట్టం, ఫెడరల్ నిధులతో చేసే హైవే పచ్చదనం పనుల ఖర్చులో కనీసం పావు శాతాన్ని స్థానిక అడవి పూల మొక్కలకే వెచ్చించాలని నిబంధన పెట్టింది. 2021 నవంబరులో వచ్చిన మౌలిక సదుపాయాల చట్టంలో మరో అడుగు వేసి, రోడ్ల పక్కన పరాగ సంపర్క జీవులకు మేలు చేసే పద్ధతులు పాటించే రాష్ట్ర రవాణా శాఖలకు, ఆదివాసీ తెగలకు, భూములను నిర్వహించే ఫెడరల్ సంస్థలకు పోటీ పద్ధతిన గ్రాంట్లు ఇచ్చేందుకు ఏడాదికి 20 లక్షల డాలర్ల చొప్పున 2022 నుంచి 2026 వరకు అనుమతించారు. ఒక్కో గ్రాంటుకు పరిమితి 1,50,000 డాలర్లు, అంటే మన లెక్కలో రమారమి కోటీ 30 లక్షల రూపాయలు. అంత పెద్ద దేశానికి ఇది ఏ మూలకూ చాలదు, నిజమే. అయితే నా దృష్టిని పట్టుకున్నది మొత్తం కాదు, అడిగే ప్రశ్న. దరఖాస్తుదారు ముందుగా ఒక ప్రణాళిక ఇవ్వాలి. గడ్డి ఏ కాలంలో కోస్తారు, ఏ కాలంలో కోయకుండా ఆపుతారు, కలుపును ఏ పద్ధతుల్లో అదుపు చేస్తారు, స్థానిక గడ్డి జాతులూ పూల మొక్కలూ ఏవి వేస్తారు, పరాయి గడ్డిని ఎలా తొలగిస్తారు, సిబ్బందికి తర్ఫీదు ఎవరిస్తారు అన్నవి ఆ ప్రణాళికలో ఉండాలి. ఎన్ని మొక్కలు నాటుతారు అని అడగడం కాకుండా రోడ్డు పక్కన ఎలా నడుచుకుంటారు అని అడిగారన్న మాట.

మన దగ్గర డబ్బు లేక ఈ పని ఆగలేదు. 2015లో కేంద్రం తెచ్చిన హరిత రహదారుల విధానం ప్రకారం జాతీయ రహదారి ప్రాజెక్టు వ్యయంలో 1 శాతాన్ని మొక్కల పెంపకానికి, సుందరీకరణకు పక్కన పెట్టాలి. అదే ఏడాది జులైలో చిలుకూరులో మొదలైన హరితహారం మన రాష్ట్రంలో రోడ్ల వెంట వరుసగా మొక్కలు నాటడాన్ని ఊరూరా అలవాటు చేసింది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఊరికొక నర్సరీని తేవడానికి, పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించడానికి దారి వేయడమే కాక, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని సర్పంచి మీదా కార్యదర్శి మీదా బాధ్యత పెట్టింది. ఆ నిబంధన వల్ల జరిగిన మేలును నేను తక్కువ చేయను. అంతకుముందు ఏటా అదే గుంతలో కొత్త మొక్క నాటి ఫొటో దిగే వాళ్లం. కానీ 85 శాతం బతకాలన్న ఒక్క కొలతే చేతిలో ఉంటే, ఎవరైనా ఏ మొక్కను ఎంచుకుంటారు? నీళ్లు పోయకపోయినా చావనిది, పశువులు ముట్టనిది, త్వరగా పచ్చగా కనిపించేది. రాష్ట్రమంతా కోనోకార్పస్ అనే పరాయి మొక్క కమ్ముకున్నది ఈ లెక్కతోనే. తర్వాత దాన్ని నర్సరీల్లో పెంచవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది.

ఇందులో నా వాటా కూడా ఉంది కాబట్టి దాన్నీ చెప్పాలి. డివైడర్ మీద గన్నేరు, కాగితంపూల మొక్కలు వేయమని ఎస్టిమేట్లలో రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎదురుగా వచ్చే బండి లైట్లు కళ్లలో కొట్టకుండా అవి అడ్డుపడతాయి, ఎండకు తట్టుకుంటాయి, గన్నేరు విషపూరితం కాబట్టి మేకలు కూడా దాని జోలికి పోవు. ఇంజినీరుకు ఇంతకంటే ఏం కావాలి? గన్నేరు పువ్వులో మకరందం ఉండదని, తేనె ఉందని భ్రమపడి వచ్చిన పురుగును అది ఒట్టి చేతులతో పంపేస్తుందని నాకు రిటైరయ్యాకగానీ తెలియలేదు. కాగితంపువ్వులో మనం పువ్వనుకునే రంగు రెక్కలు నిజానికి ఆకులే. అసలు పువ్వు వాటి మధ్య సన్నని గొట్టంలా ఉండి, మన తేనెటీగలకు పెద్దగా అక్కరకు రాదు. కిలోమీటర్ల కొద్దీ పూలు కనిపించే ఆ డివైడర్ తేనెటీగకు దాదాపుగా ఎడారే.

నేను వనస్థలిపురంలో ఉంటాను. విజయవాడ రహదారికి ఆనుకుని మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఆ కంచె లోపల వానాకాలం చివర్లో తంగేడు పూచినప్పుడు ఒక ఉదయం నిలబడి చూస్తే, గ్రాంటు ఎలా ఉండాలో సగం అర్థమవుతుంది. 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న ఈ తంగేడులోనూ మకరందం లేదు. గన్నేరులా మోసం మాత్రం చేయదు. దీని దగ్గర పుప్పొడి దండిగా ఉంటుంది. ఆ పుప్పొడి ఉండే కేసరాలు ఇతర పూలలో లాగా నిలువునా విచ్చుకోవు. కొసన చిన్న రంధ్రం మాత్రం ఉంటుంది, ఉప్పు డబ్బీ మూతలాగా. ఆ రంధ్రంలోంచి పుప్పొడి రాలాలంటే పువ్వును పట్టుకుని ఒక నిర్దిష్టమైన వేగంతో ఒళ్లు ఝుమ్మని అదిలించాలి. తేనెటీగకు ఆ విద్య రాదు, నల్లటి పెద్ద తుమ్మెదకు వచ్చు. కవులు తుమ్మెద ఝంకారమని వర్ణించేది వేరొకటి కావచ్చు గానీ, తంగేడు పువ్వు మీద వాలిన క్షణంలో తుమ్మెద రొద ఒక్కసారిగా మారి సన్నగా వినిపించడం ఎవరైనా చెవి ఒగ్గితే గమనించగలరు. రేల చెట్టుకూ తుమ్మెదే చుట్టం. ఈ తుమ్మెద ఎండు కొమ్మల్లో, వెదురు బొంగుల్లో, పాత దూలాల్లో బొక్క తొలుచుకుని పిల్లల్ని పెంచుతుంది. అంటే తంగేడు వేసి, చుట్టుపక్కల ఎండిన కట్టెనంతా శుభ్రంగా ఏరేస్తే తుమ్మెదకు భోజనం పెట్టి ఇల్లు కూల్చినట్టే. మట్టిలో బొరియలు చేసుకుని ఒంటరిగా బతికే తేనెటీగలదీ ఇలాంటి అవసరమే. వాటికి సిమెంటు పలకలు పరచని, గడ్డి కార్పెట్టు కప్పని కాస్త ఉత్త నేల కావాలి.

శుభ్రం అన్న మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. కిందటేడు భాద్రపద మాసంలో నగర శివారులో ఒక రహదారి సర్వీసు రోడ్డు పక్కన, డ్రెయిన్ అవతలి వాలులో, ఎవరూ నాటకుండానే తుమ్మి, గునుగు, వెంపలి, అక్కడక్కడా తంగేడు ఒత్తుగా పెరిగి కనిపించాయి. తుమ్మి పువ్వుల మీద తేనెటీగలు, పసుపు రంగు చిన్న సీతాకోకచిలుకలు కోకొల్లలు. ఉదయం నడకకు వెళ్లి రోజూ అక్కడ ఐదు నిమిషాలు ఆగేవాణ్ణి. బతుకమ్మకు పది రోజులుందనగా బ్రష్ కట్టర్లు పట్టుకుని ఒక ముఠా వచ్చి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి మొత్తం నున్నగా చేసేసింది. ఎందుకని మేస్త్రీని అడిగితే, "జంగిల్ క్లియరెన్స్ సార్, పండుగ ముందర బిల్లు పెట్టాలె" అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. జంగిల్ క్లియరెన్స్‌కు ఎస్టిమేటులో ఐటెమ్ ఉంది, చదరపు మీటర్లలో కొలత ఉంది, రేటు ఉంది. కోయకుండా వదిలేయడానికి ఐటెమ్ లేదు. ఎంగిలిపూల నాడు అదే రోడ్డు మీద మా కాలనీ ఆడవాళ్లు రాష్ట్ర పుష్పాన్ని కట్టల లెక్కన బేరమాడి కొనుక్కున్నారు. ఆ తంగేడు ఎక్కడి గుట్ట మీది నుంచి తెల్లవారుజామున ఆటోలో వచ్చిందో అమ్మినామెకే తెలియాలి. ఇంతకీ బ్రష్ కట్టర్ పోయిన ఆ వాలులో తర్వాతి వానకు మొలిచింది వయ్యారిభామ అనే కలుపు మొక్క. పదే పదే కదిపిన నేలలో అది అందరికంటే ముందు లేస్తుందని రైతులెవరినడిగినా చెబుతారు.

అందుచేత గ్రాంటులో మొదటి రూపాయి కోత వేళ మార్చడానికి వెళ్లాలని నా అభిప్రాయం. బండి నడిపేవారికి చూపు ఆనవలసిన మలుపుల్లో, సూచిక బోర్డుల ముందు, రోడ్డు అంచు నుంచి రెండు మూడు మీటర్ల వరకు ఎప్పటిలాగే కోయవలసిందే. భద్రత విషయంలో రాజీ కుదరదు. దానికి అవతలి భాగాన్ని మాత్రం గింజ రాలేదాకా, అంటే పుష్యమాసం వచ్చేదాకా ఆపి, అప్పుడు ఏడాదికి ఒక్కసారి కోస్తే చాలు. ఎండాకాలంలో గడ్డి అంటుకునే ప్రమాదం కూడా దాంతో తగ్గుతుంది. ఇలా చేస్తే కోత ఖర్చులో కొంత మిగులుతుంది కూడా. మిగులు చూపించినవాడికి బిల్లు తగ్గిపోయే పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ మిగలనివ్వరు కాబట్టే, కోయకుండా కాపాడిన చదరపు మీటరుకు కూడా గ్రాంటులో రేటు ఉండాలంటున్నాను.

ఏ మొక్కలన్న ప్రశ్నకు పుస్తకాలు తిరగేయక్కర్లేదు, వినాయక చవితి పత్రి జాబితా చూసినా చాలావరకు జవాబు దొరుకుతుంది. రేగు, వావిలి, ఉత్తరేణి, జమ్మి, మద్ది, జిల్లేడు అన్నీ మన నేల మొక్కలే. వావిలి పూతకు తేనెటీగలు ముసురుతాయి. రేగు పూత చూడ్డానికి ఆనకపోయినా, వానాకాలం చివర్లో ఈగలకూ కందిరీగలకూ అది పెద్ద విందు. జిల్లేడు సంగతి మరీ విశేషం. అమెరికాలో ఈ హైవే పూల ఉద్యమానికి ముఖచిత్రం మోనార్క్ సీతాకోకచిలుక. టెక్సస్ నుంచి మిన్నెసోటా దాకా పోయే 35వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి వెంట దానికి దారిపొడవునా మేత ఉండేలా చూడాలని 2016లో ఆరు రాష్ట్రాలు ఒప్పందం రాసుకున్నాయి. ఆ సీతాకోక గొంగళిపురుగు పాలు కారే మిల్క్‌వీడ్ ఆకులు తప్ప మరొకటి తినదు. మన ఊళ్లలో తిరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోక ఆ మోనార్క్‌కు దగ్గరి చుట్టం, దాని గొంగళిపురుగు తినేది మిల్క్‌వీడ్ కుటుంబానికే చెందిన మన జిల్లేడు. రథసప్తమికి నెత్తిన పెట్టుకుని స్నానం చేసే ఆకును మిగతా 364 రోజులూ పిచ్చిమొక్క పద్దులో వేసి పీకేస్తున్నాం. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, పరాయి మొక్కలన్నీ పనికిరానివి కావు. గడ్డిచామంతి మీద వాలినన్ని సీతాకోకచిలుకలు చాలా స్వదేశీ మొక్కల మీద వాలవు, కరువు నెలల్లో సర్కారు తుమ్మ పూత తేనెటీగలను ఆదుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాటిని కొత్తగా నాటమని మాత్రం అనను.

ఈ పురుగుల వల్ల ఊరికేమిటని అడిగేవారు ఉంటారు. ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల్లో 75 శాతం ఎంతో కొంత జంతువుల ద్వారా జరిగే పరాగ సంపర్కం మీద ఆధారపడుతున్నాయని 2016లో జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ వేదిక తన నివేదికలో చెప్పింది. పెద్ద అంకె అవసరం లేదనుకుంటే, ఔటర్ రింగు రోడ్డు దిగి చేవెళ్ల, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు కూరగాయల తోటల్లోకి వెళ్లి చూడండి. సొర, బీర, కాకర, దోస తీగలకు మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మధ్యవర్తి రాకపోతే పిందె పసుపురంగుకు తిరిగి రాలిపోతుంది. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి దానికి రాత్రి తిరిగే చిమ్మటలు కావాలి. హైమాస్ట్ దీపాల వెలుగును పూల పట్టీ వైపు పడనివ్వకూడదనడానికి ఇదొక కారణం. ఇక 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ పేరుతోనే దేశమంతా తెలిసిన సీతాఫలం రకం ఉంది. దసరా రోజుల్లో ఆ రోడ్డు పొడవునా గంపలు పెట్టుకుని అమ్ముతారు. సీతాఫలానికి తేనెటీగ కూడా పనికిరాదు. మూసుకున్నట్టుండే ఆ పువ్వులోకి దూరగలిగినవి చిన్న చిన్న పెంకు పురుగులే, అవి కుళ్లిన ఆకు, రాలిన పండు మధ్య బతుకుతాయి. గంపల కింది నేలను ఎంత నున్నగా ఊడిస్తే ఆ పండుకు అంత నష్టమన్నది కాస్త అతిశయోక్తిగా వినిపించవచ్చు గానీ, విషయం అంతే.

రోడ్డు పక్కకు పురుగులను పిలిచి చంపుతారా అన్నది గట్టి అభ్యంతరం. సమాధానం నాటే చోటును బట్టి ఉంటుంది. బండ్లు రెండు వైపులా దూసుకుపోయే డివైడర్ మీద తేనె పూలు పెడితే అది బోనే అవుతుంది. అక్కడ నా గన్నేరే ఉండనివ్వండి, ఈ ఒక్క విషయంలో దాని నిరుపయోగమే గుణం. బెర్మ్ మీద, అంటే తారు అంచునే ఉండే మట్టి పట్టీ మీద, కూడా వద్దు. బండ్ల పొగలోని, టైర్ల అరుగుదలలోని లోహాలు రోడ్డు అంచు మట్టిలోనే ఎక్కువ పేరుకుంటాయి, దూరం పోయేకొద్దీ తగ్గుతాయి. డ్రెయిన్ అవతల, కట్ట అడుగున, కంచె వెంబడి వేయాలి. ఇంటర్‌ఛేంజ్ లూపుల మధ్య ఖాళీలూ దీనికి బాగా పనికొస్తాయి. అలా రోడ్డుకు ఒక్కో వైపు 5 మీటర్ల పట్టీ దొరికినా కిలోమీటరుకు ఒక హెక్టారు అవుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ చుట్టూ లెక్కవేస్తే రమారమి 390 ఎకరాలు. అంత భూమిని నగరం పక్కన కొనాలంటే ఏ ప్రభుత్వం వల్లా కాదు, ఇది ఇప్పటికే మన చేతిలో ఉంది. రేపు రోడ్డు వెడల్పు చేస్తే ఇదంతా పోదా అంటే, పోతుంది. అయితే విత్తిన రెండు మూడేళ్లకే పూతకొచ్చే తంగేడు, వెంపలి పొదలు పోవడానికీ, వందేళ్ల చెట్టు పోవడానికీ తేడా ఉంది.

వందేళ్ల చెట్టంటే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు ఎవరికైనా గుర్తుకొస్తాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా విస్తరణ పనిలో సుమారు 900 మర్రిచెట్ల భవితవ్యం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యం నడిచింది. అప్పుడు చర్చంతా నీడ గురించి, అందం గురించి, నిజాం కాలపు జ్ఞాపకం గురించి సాగింది. మర్రికాయ నిజానికి కాయ కాదు, లోపలికి ముడుచుకున్న వందల పూల గుత్తి అనీ, ఆ పూలలో పరాగ సంపర్కం చేసే గోరుకొన కంటే చిన్న కందిరీగ మర్రిని తప్ప మరో చెట్టును నమ్ముకోదనీ ఆ చర్చలో నాకు ఎక్కడా వినిపించలేదు. కొత్తగా నాటే మొక్కకే కాక, ఉన్న చెట్టును నిలబెట్టి రోడ్డును పక్కకు తిప్పిన డిజైనుకు కూడా ఈ గ్రాంటులో చోటుండాలి.

ఇక ఎవరికివ్వాలి, ఎలా కొలవాలి. పెద్ద ల్యాండ్‌స్కేపింగ్ కంపెనీలకు టెండరు పిలిస్తే కడియం నర్సరీల నుంచి లారీలలో గన్నేరే దిగుతుంది. నర్సరీవాళ్లు బజారు అడిగినదే పెంచుతారు, తంగేడును ఇంతవరకు ఎవరూ టెండరులో అడగలేదు. తంగేడుకు తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి సంచిలో పెంచి నాటడం కంటే తొలకరికి నేరుగా విత్తడం మేలు. గింజ పైపొర గట్టిది, రాత్రి వేడి నీళ్లలో నానేస్తే మొలక బాగా వస్తుంది. కాయలు ఎండే చలికాలంలో గింజ ఏరడం, ఎండబెట్టి నిల్వ చేయడం రోడ్డు పక్క గ్రామాల మహిళా సంఘాలు ఇంటి దగ్గరి పనిగా చేయగలవు. పంచాయతీ నర్సరీలు ఎలాగూ ఉన్నాయి. కాబట్టి గ్రాంటు ఆ పంచాయతీకీ, సంఘానికీ కలిపి, 5 కిలోమీటర్ల పట్టీకి ఒకటి చొప్పున, కనీసం 4 ఏళ్ల కాలానికి ఇవ్వాలి. విత్తిన ఏడాది మూడో వంతుకు మించి ఇవ్వకూడదు. బతుకమ్మకు వాళ్లే పూలు కోసుకుని అమ్ముకునే హక్కు రాసిస్తే, సగం కాపలా ఖర్చు తప్పుతుంది. గింజకు కొన్ని కొమ్మలు వదలాలన్న షరతు చాలు.

కొలత సంగతికొస్తే, మాఘం, వైశాఖం, శ్రావణం, ఆశ్వయుజం, ఈ నాలుగు మాసాల్లో ఒక్కోసారి, కిలోమీటరుకు ఒకచోట గుర్తు పెట్టిన 100 మీటర్ల పొడవున ఉదయం పూట నడిచి, అప్పుడు పూస్తున్న జాతులెన్ని, పది నిమిషాల్లో పూల మీద వాలిన పురుగులెన్ని అని లెక్కించి రాయాలి. పురుగుల పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు. తేనెటీగ, తుమ్మెద, సీతాకోక, ఈగ, ఇతరం అని ఐదు గడులు గీస్తే దగ్గరి డిగ్రీ కాలేజీ జంతుశాస్త్రం విద్యార్థులు అధ్యాపకుడి సంతకంతో నింపగలరు. నాలుగు నడకల్లో దేనిలోనూ పూత సున్నా కాకూడదన్నది మొదటి షరతు. మాఘంలో మోదుగ, వైశాఖంలో రేల, వేప, కానుగల చివరి పూత, శ్రావణంలో తుమ్మి, ఆశ్వయుజంలో తంగేడు, గునుగు ఉంటే ఆ షరతు తీరడం కష్టమేమీ కాదు. పక్క చేలో పత్తికి పూత మీద ఉదయం మందు కొట్టే అలవాటుంటే ఈ లెక్క దెబ్బతింటుంది కనుక, సాయంత్రం కొట్టడానికి ఒప్పుకున్న రైతుకు కూడా ఇందులో కొంత ఇవ్వవచ్చు. ఆ ఒప్పందాన్ని గ్రామసభే చూసుకోగలదు.

తేనె పెట్టెలకు సబ్సిడీ ఉంది కదా, మళ్లీ ఇదెందుకని వ్యవసాయ శాఖ మిత్రుడొకరు నన్ను అడిగారు. కేంద్రం 500 కోట్ల రూపాయలతో ప్రకటించిన జాతీయ తేనెటీగల, తేనె మిషన్ మంచిదే. పెట్టె కొనుక్కున్నవాడికి చుట్టూ మేత లేకపోతే చక్కెర పాకం పోసి సాకవలసి వస్తుంది. పైగా పెట్టెలో పెంచే ఇటలీ తేనెటీగ తంగేడును అదిలించలేదు, సీతాఫలంలో దూరలేదు. ఫ్లైఓవర్ల కింద, అపార్టుమెంటు అంచుల మీద పెర పెట్టే పెద్ద తేనెటీగలను నగరంలో మందు కొట్టి, పొగబెట్టి చంపిస్తూ, పక్కనే పెట్టెలకు సబ్సిడీ ఇవ్వడం నాకు అంతగా అర్థం కాదు. రోడ్డు పక్క పట్టీ మాత్రం ఈ జీవులన్నిటికీ ఒకేసారి పనికొస్తుంది.

హైదరాబాద్ చుట్టూ రాబోతున్న ప్రాంతీయ వలయ రహదారి సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ మీదుగా ఇంకా పొలాలూ పడావు భూములూ మిగిలిన నేలలోంచి పోతుంది. మట్టి పనిలో ముందుగా పొక్లెయిన్‌తో గీకి కుప్పపోసేది పై జానెడు మట్టినే. ఆ నేలలో ఇప్పుడున్న తంగేడు, వెంపలి, తుమ్మి గింజలన్నీ నిద్రపోతున్నది ఆ జానెడు మట్టిలోనే. దాన్ని నింపుడు మట్టిలో కలిపేయకుండా వేరుగా నిల్వ చేసి, కట్ట పూర్తయ్యాక వాలు మీద తిరిగి పరచాలన్న ఒక్క వాక్యం, దానికి ఘనపు మీటరు రేటుతో సహా, ఎస్టిమేటులో చేరిస్తే నాటడానికి విడిగా పెట్టవలసిన ఖర్చు చాలావరకు తగ్గిపోతుంది. ఇది మాత్రం ఇప్పుడున్న ఎం-బుక్కులోనే, పొడవు, వెడల్పు, మందం గడుల్లో, ఏ మార్పూ లేకుండా రాయడానికి వీలైన పని.

ఇట్లు,
ఒక విశ్రాంత రహదారుల ఇంజినీరు,
వనస్థలిపురం, హైదరాబాద్.